రెనాతో కరొసోనే: నేపుల్సు గాయకుడు, పియానో వాదకుడు

రెనాతో కరొసోనే (1920–2001) రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఇటలీ దేశపు జనరంజక గీతమునకు కొత్త నడకను, కొత్త నవ్వును సమకూర్చిన గాయకుడు, స్వరకర్త, వాద్యబృంద నాయకుడు. వీటన్నిటికంటె ముందుగా పియానో వాదకుడు. ఆయన పాటలను హాస్యగీతములుగ మాత్రమే ఎంచి మెచ్చుకొనుట లోకమున పరిపాటి యైనది గాని, ఆ హాస్యము శాస్త్రీయ శిక్షణచేత పదునెక్కిన పది వ్రేళ్ళనుండి పుట్టి, తరువాతనే కంఠమునకు చేరినదని గ్రహించినగాని ఆయన కృషి యొక్క యథార్థ స్వరూపము బోధపడదు. ఆయన ప్రఖ్యాతి కాలము మిక్కిలి స్వల్పము. 1949లో నేపుల్సు నగరమందలి ఒక రాత్రి క్లబ్బున ముగ్గురు సభ్యుల బృందముతో ఆరంభమై, 1959 సెప్టెంబరులో టెలివిజన్ ప్రేక్షకుల యెదుట తానే ప్రకటించిన విరమణతో అది ముగిసినది. దానికి ముందు ఇంచుమించు పదేండ్లు ఆఫ్రికాలో గడచినవి. దాని తరువాత ఇంచుమించు పదునారేండ్లు చాలవరకు చిత్రలేఖనమునకు దత్తమైనవి. ఇంత తక్కువ వ్యవధిలో ఇంత ఎక్కువ శాశ్వతముగ మిగిల్చిన జనరంజక గాయకులు ఆ దేశమున అరుదు.

నేపుల్సు పాటకు కరొసోనే నాటికే గొప్ప వంశచరిత్ర కలదు. పంతొమ్మిదవ శతాబ్దమున పియెదిగ్రొత్తా ఉత్సవములలో ఏటేట కొత్త పాటలు వెలువడుట, వాని అచ్చు కాగితములు వీధులలో అమ్ముడుపోవుట, సల్వతోరే ది జాకొమో వంటి ఉత్తమ కవులు నగర మాండలికమున గీతములు రచించుట, 1898లో వెలసిన ‘ఓ సోలే మియో’ దేశదేశముల గాయకుల గళముల కెక్కి ప్రపంచమంతట వ్యాపించుట — ఇవన్నియు చేరి ఆ పాటకు ఒక కులీనతను తెచ్చిపెట్టినవి. కులీనతతోపాటు బరువును వచ్చినది. రెండు యుద్ధముల నడిమి కాలమునకు ఆ సంప్రదాయమున కన్నీటిపాలు హెచ్చి, పరదేశమున వగచు ప్రవాసి, కొడుకు కొరకు కుములు తల్లి, మాట తప్పిన ప్రియురాలు అను మూడు వస్తువులే మాటిమాటికి మరలి వచ్చుచుండెను. గాయకుడు చేయి గుండెపై నుంచుకొని గొంతెత్తి పాడుట, శ్రోత కన్నులు తుడుచుకొనుట పాటకు మర్యాదగ స్థిరపడినవి. కరొసోనే ఈ మర్యాదను భంగపరచెనని ఆయన కాలపు ఛాందసులు కొందరు నొచ్చుకొనిరి. ఆ అభియోగము సగము మాత్రమే నిజము. ఆయన పాత పాటలను త్రోసివేయలేదు, వానిని కూర్చుండబెట్టి నవ్వించెను.

1920 జనవరి 3వ తేదీన నేపుల్సులో, పియాత్సా మెర్కాతో అను పాత అంగడి వీధికి సమీపమున, సామాన్య కుటుంబమున ఆయన జన్మించెను. తండ్రి అంతోనియో నాటకశాలలో చిరుద్యోగి. తల్లి రెనాతో చిన్నతనముననే గతించెను. ముగ్గురు పిల్లలను పెంచుకొనవలసిన తండ్రి, కుమారుని చేతిలోని విద్యను కనిపెట్టి, కష్టపడి పియానో గురువుల వద్దకు పంపెను. బాలుని తొలి కొలువు తోలుబొమ్మలాటవంటి ఒక ప్రదర్శనశాలలో దొరకినది. దక్షిణ ఇటలీలో ‘పూపి’ అని పిలుచు కొయ్యబొమ్మలు కవచములు ధరించి, కత్తులు దూసి, షార్లెమేన్ చక్రవర్తి వీరుల గాథలు అభినయించుచుండ, తెర ప్రక్కన కూర్చుండి పియానోతో యుద్ధమునకు యుద్ధపు వరుసను, విరహమునకు విరహపు వరుసను అప్పటికప్పుడు అందించుట అతని పని. బొమ్మ కత్తి ఎత్తిన క్షణముననే చేయి మెట్లపై పడవలెను. ఒక్క క్షణము ఆలసించినచో వీరరసము హాస్యరస మగును. ఆలస్యమును, తొందరను ఇచ్ఛవచ్చినట్లు వాడుకొని జనమును నవ్వించు విద్యకు తరువాతి కాలమున ఆయన అధిపతి యైనాడన్నచో, దానికి అక్షరాభ్యాసము ఈ బొమ్మల కొట్టములోనే జరిగినదని చెప్పుట సాహసము కాదు.

యౌవనారంభమున ఆయన, ఇ. ఎ. మారియో అను కలముపేరుతో సుప్రసిద్ధుడైన కవి, స్వరకర్త నడపుచుండిన సంగీత ప్రచురణ సంస్థలో కొంతకాలము పనిచేసెను. కొత్తగా అచ్చైన పాటలను గాయనీగాయకులకు పియానోపై వినిపించి, వరుస పట్టువరకు మరల మరల వాయించి నేర్పుట అక్కడి కొలువు. పాట ఎచ్చట అతుకుకొనునో, ఎచ్చట జారిపోవునో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి బడి లేదు. ఆ సమయముననే నేపుల్సులోని సుప్రతిష్ఠితమైన సాన్ పియెత్రో ఆ మయెల్లా సంగీత కళాశాల నుండి 1937లో, పదునేడవ యేట, పియానోలో పట్టమును పొందెను. అనగా ఒక చేత బొమ్మలాట, ఒక చేత బజారు పాట, రెంటిపైన షొపేన్, లిస్టుల అభ్యాసము. ఈ మూడును ఆయనలో ఒకదాని నొకటి ద్వేషింపకుండ కాపురముండుట గమనింపదగిన విశేషము.

పట్టము చేతికి వచ్చిన సంవత్సరముననే ఆయన ఒక వినోద ప్రదర్శన బృందముతో ఒడంబడిక చేసికొని ఆఫ్రికాకు ఓడ యెక్కెను. దీనికి చారిత్రక కారణము కలదు. ఎరిత్రియా 1890 నుండి ఇటలీకి వలస రాజ్యము. 1936 మే నెలలో ముస్సోలినీ సేనలు ఆడిస్ అబాబాను ఆక్రమించిన పిమ్మట రహదారులు వేయు కూలీలు, లారీ డ్రైవర్లు, గుమాస్తాలు, సైనికులు వేలకొలదిగ ఆ ప్రాంతమునకు తరలిపోయిరి. వారికి వినోదము కావలెను. స్వదేశమున అన్నము దొరకని కళాకారులకు శ్రోతలు కావలెను. బృందము ఎర్ర సముద్రపు రేవుపట్టణమైన మస్సావాలో దిగెను. భరింపరాని ఉక్కయు, దాని కంటె భరింపరాని నిరుత్సాహమును అక్కడ వారికి ఎదురైనవి. వినవచ్చినవారు చాలవరకు ఉత్తర ఇటలీ పనివాండ్రు కాగా, ప్రదర్శన యంతయు నేపుల్సు మాండలికమున సాగినది. ఒకే దేశస్థులయ్యు ఒకరి మాట ఒకరికి తెలియని స్థితి. బృందము చెదరిపోయినది.

తక్కినవారు ఇంటికి మరలగా, ఈ యువకుడు మాత్రము సముద్రమట్టమునకు 2,300 మీటర్లకు పైన చల్లని పీఠభూమిపై వెలసిన అస్మారా పట్టణమున కెక్కి, అక్కడి వినోదశాలలో పియానో వాదకుడుగ కుదురుకొనెను. అస్మారా ఆ రోజులలో వింత పట్టణము. సినిమాశాలలు, కాఫీ హోటళ్ళు, సరికొత్త శైలి భవనములు ఒక వైపు. అరబ్బు వర్తకులు, హబషీ కాపులు, మసీదు, కోప్టు దేవాలయము వేరొక వైపు. అక్కడనే ఆయన నర్తకియైన ఇతాలియా లెవీదిని, ఆప్తుల నోట ‘లీతా’ను, 1938లో పరిణయమాడి, ఆమె చిన్న కుమారుని తన కుమారునిగ స్వీకరించెను. ఆడిస్ అబాబాలోను వాద్యబృందమును నడపెను. యుద్ధము రాగా సైన్యమునకు పిలువబడి సొమాలియా వైపు రణరంగమునకు పోయెను. 1941 ఏప్రిల్ నెలారంభమున బ్రిటిషు సేన అస్మారా ప్రవేశించినది. 1946లో గాని ఆయనకు స్వదేశ ప్రాప్తి కలుగలేదు.

జీవితచరిత్రకారులు ఈ ఆఫ్రికా దశను సాధారణముగ రెండు వాక్యములతో దాటివేయుదురు. నా అభిప్రాయమున అది పొరపాటు. మాట తెలియని శ్రోతను లయతో పట్టవలెననియు, ఒకే రాత్రి టాంగో కోరువానిని, జాజు కోరువానిని, ఊరి పాట కోరువానిని ఒకే బృందముతో తృప్తిపరుపవలెననియు మస్సావా, అస్మారాలు ఆయనకు నేర్పినవి. నేపుల్సులోనే ఉండిపోయినచో ఆయన నేర్పరియైన సాంప్రదాయిక వాదకుడుగ మిగిలియుండెడివాడేమో.

తిరిగివచ్చిన కరొసోనేను ఇటలీలో ఎరిగినవారు లేరు. రోము నగరపు నృత్యశాలలలో చిన్న చిన్న కొలువులతో మూడేండ్లు గడచెను. ఈ లోపల ఆయన జన్మనగరము గుర్తుపట్టరాని విధముగ మారిపోయినది. వైమానిక దాడులచేత నేపుల్సు చాలవరకు కూలినది. 1943 సెప్టెంబరు 27 నుండి 30 వరకు నాలుగు దినములు జనులే తిరుగబడి జర్మనులను వెడలనడచిరి. అక్టోబరు 1న మిత్రరాజ్యముల సేనలు ప్రవేశించినవి. అమెరికా సైనికునితో సిగరెట్లు, డబ్బా మాంసము, చూయింగ్ గమ్ము, దొంగ బజారు వచ్చినట్లే బూగీవూగీయు, స్వింగును వచ్చినవి. ఫాసిస్టు పాలనలో పరదేశి సంగీతమని చులకన చేయబడిన జాజు ఇప్పుడు రేడియోలో బాహాటముగ మ్రోగుచుండెను. యువకులు అమెరికావాని నడకను, టోపీని, మాటను అనుకరింప మొదలిడిరి. తరువాత కరొసోనే పాటకు ఎక్కబోవు మూలద్రవ్య మంతయు ఈ వీధులలో పోగుపడి యుండెను.

1949లో నేపుల్సున ‘షేకర్’ అను కొత్త రాత్రి క్లబ్బును తెరచువారు చిన్న బృందమొకటి కావలెనని ఆయనను పిలిచిరి. మొదట దొరకినవాడు పీటర్ వాన్ వుడ్ అను డచ్చి గిటారు వాదకుడు. విద్యుత్ గిటారును, దానితో సాధ్యమగు ప్రతిధ్వని మాయలను ఆనాటి ఇటలీకి చూపిన తొలివారిలో నొకడు. (ఈయన తరువాతి కాలమున జ్యోతిష్కుడై టెలివిజన్లో రాశిఫలములు చెప్పుచు మరొకసారి ప్రసిద్ధు డగుట ఒక వింత.) మిగిలినది డ్రమ్ముల స్థానము. దానికి జెజే అను ముద్దుపేరు గల జెన్నారో ది జాకొమో వచ్చెను. కవి సల్వతోరే ది జాకొమో బంధువర్గములోనివాడు. పరీక్షకు వచ్చునపుడు ఆయనవెంట డ్రమ్ములు లేవట. అడ్డమేమియు లేనివానివలె అక్కడనున్న కుర్చీని దగ్గరకు లాగి, పళ్ళెములను, గాజు గ్లాసులను చుట్టు పేర్చుకొని, కఱ్ఱలతో వానిపై మొదలిడెను. కుర్చీ వీపు పెద్ద డ్రమ్మైనది, గ్లాసు అంచు తాళమైనది. కరొసోనే వెంటనే ఆయనను చేర్చుకొనెను. వినోదము కొరకు పుట్టించిన కథవలె కనబడినను, తరువాతి పదేండ్ల వాయిద్యమును విన్నవారికి ఇందు నమ్మరానిది లేదు. జెజే చేతిలో డ్రమ్ములు సయితము వంటయింటి సామానువలెనే మాటలాడును.

‘త్రియో కరొసోనే’ పేరుతో ఈ మువ్వురు సాధించినది ఒక పద్ధతి. మొదట పియానో గంభీరముగ, కచేరీశాలకు తగిన మర్యాదతో, ప్రసిద్ధమైన శోకగీతమును ఎత్తుకొనును. శ్రోత చెమ్మగిల్లుటకు సిద్ధపడును. అంతలో లయ ఒరిగిపోవును. గిటారు ఒక వింత కూత పెట్టును. డ్రమ్ముల వెనుకనుండి జెజే తగని ప్రశ్న యొకటి వేయును. పియానో ఏమియు ఎరుగనట్లు తన వరుసలో తాను పోవుచుండును. 1954 సాన్ రేమో పాటల పోటీ ఉత్సవమున బహుమతి పాటలలో నొకటి, సముద్రమునకు పోయిన పడవ యజమాని లేక ఒంటిగ తిరిగివచ్చిన వైనమును కన్నీరు కార్చుచు చెప్పు గీతము. కరొసోనే బృందము దానిని ఏమార్పు లేకుండ పాడుచునే, ప్రతి విషాద వాక్యమునకు వెనుక డ్రమ్ముల వానిచేత దానితో తనకేమి సంబంధమని అడిగించెను. అనుకరణ హాస్యమున ఇది ఉత్తమ జాతికి చెందినది; మూలమును వికృతపరుపక, దాని ప్రక్కన ఒక మామూలు మనుష్యుని నిలువబెట్టుటతోనే పని జరిగిపోయినది. పాట మొదలగుటకు ముందు జెజే నగరపు పేరెత్తి, నాటి పాటకు తగిన విశేషణ మొకటి తగిలించి కేకవేయుట ఒక ఆచారమై, బృందమునకు ముద్రగ నిలిచినది.

వాన్ వుడ్ స్వతంత్రముగ పాడుటకై విడిపోయిన పిమ్మట బృందము నలుగురై, క్రమముగ ఆర్గురైనది. క్లారినెట్, శాక్సఫోను, కొత్త గిటారు చేరినవి. పాథే కంపెనీ రికార్డులు ‘కరొసెల్లో కరొసోనే’ అను పేరిట వరుసగ వెలువడినవి. ఇటలీలో దీర్ఘవాదన రికార్డులకు అలవాటు కలిగించిన తొలి శ్రేణులలో ఇదియు నొకటి. 1954 జనవరి 3న, కాకతాళీయముగ ఆయన ముప్పదినాల్గవ పుట్టినరోజుననే, ఇటలీ టెలివిజన్ క్రమప్రసారములు ఆరంభమైనవి. చూపునకును చెవికిని ఏకకాలమున నచ్చెడి బృందమునకు ఈ కొత్త సాధనము సరిగ సరిపోయెను.

1954లోనే వెలసిన ‘మరుత్సెల్లా’ ఆయన స్వరరచనలలో, నా తలంపున, మకుటాయమానమైనది. మాటలు ఎంజో బొనగూరావి. భార్యయైన లీతాను తలంచుకొని కట్టిన వరుస అని ప్రతీతి. ఇందు హాస్యము పొడయు లేదు. సముద్రపు పిలుపువంటి దీర్ఘాలాపముతో మొదలై, తూర్పు తీరముల వాసన గల మెల్లని తూగుటుయ్యాలలో పడి, పల్లవి వచ్చుసరికి నేపుల్సు సంప్రదాయపు నడివీధికి చేరుకొనును. కుడిచేయి పాటకు అడ్డురాకుండ నిలిచి నిలిచి సాగును; గాయకుడు గొంతు పెంచడు, ప్రక్కనున్నవారితో మాటలాడినట్లు పాడును. మైకు వచ్చిన తరువాత గొంతెత్తనవసరము లేదను సంగతిని ముందుగ గ్రహించిన నేపుల్సు గాయకులలో ఆయన యొకడు. బహుకాలము గడచిన తరువాత, 1973లో, మార్టిన్ స్కోర్సేసి తన ‘మీన్ స్ట్రీట్స్’ చిత్రమున న్యూయార్కు ఇటాలియను పేటల జీవితమును చూపుచు ఈ పాటనే ఎన్నుకొనెను.

కరొసోనేను ప్రపంచమున కెరిగించిన పాటలకు మాత్రము మరొకని తోడ్పాటు కావలసి వచ్చినది. నికోలా సలేర్నో, కలముపేరు ‘నీసా’, నేపుల్సువాడు. అప్పటికే అనుభవశాలియైన గీతకర్త. మిలాను నగరమున రికొర్డి ప్రచురణ సంస్థ కార్యాలయములో, దాని యధికారియైన మరియానో రపెత్తి మధ్యవర్తిత్వమున వీరిరువురికి పరిచయమైనది. 1956లో రేడియో పోటీ కొకటి పాటలు కావలసి రాగా, నీసా ఇచ్చిన కాగితమును పియానోపై నుంచుకొని చదువుచునే, పావుగంటలో కరొసోనే వరుస కట్టెనని చెప్పుదురు. ఆ పాటయే ‘తు వువో ఫా లమెరికానో’.

విషయము ఒక నేపుల్సు కుర్రవాడు. అమెరికా బ్రాండు గుర్తు గల ప్యాంటు తొడిగి, టోపీ ముందరి ఆకును పైకెత్తి, తొలేదో వీధిలో పచారు చేయును; విస్కీ సోడా త్రాగును, వెంటనే కడుపులో త్రిప్పును; రాక్ అండ్ రోల్ ఆడును; అమెరికా సిగరెట్టు పెట్టెకు సొమ్ము మాత్రము అమ్మ చేతిసంచిలోనిది. వెన్నెలలో ప్రియురాలితో సగము ఇంగ్లీషున ప్రేమ చెప్పబోగా ఆమెకు తలయు తోకయు తెలియదు. మన గిరీశమును ఎరిగిన తెలుగు పాఠకునకు ఈ కుర్రవాడు పరాయివాడుగ తోపడు. కాని గురజాడ గిరీశము లోకమును మోసగించు నేర్పరి, ఈతడు తన్ను తానే మోసగించుకొను అమాయకుడు. పాట యొక్క చమత్కారము మాటలలో ముగిసిపోదు. అమెరికా వేషమును ఎగతాళి చేయు ఈ పాట నడచునది అచ్చమైన అమెరికా స్వింగు లయపైననే. ఎడమచేయి బూగీవూగీని ఏ అమెరికా వాదకునకు తీసిపోకుండ నడుపుచుండ, నోరు అమెరికా మోజును వెక్కిరించును. కుర్రవానికి రానిది వాని కథ చెప్పువానికి వచ్చును. ఈ వ్యత్యాసమే పాటకు ప్రాణము. వెక్కిరింపున ద్వేషము లేకపోవుటకును ఇదియే హేతువు. యుద్ధానంతర ఇటలీ అమెరికా సొమ్ముతో నిలువద్రొక్కుకొనుచు అమెరికా నీడను చూచి ఒకింత సిగ్గుపడుచుండిన కాలమున, వామపక్షమువారికిని దక్షిణపక్షమువారికిని ఒకే పాట నవ్వు తెప్పించుట సామాన్యము కాదు.

ఈ జంట తరువాత మూడేండ్లలో ఇదే గనిని పలు తావుల త్రవ్వెను. ‘తొరేరో’ (1957) ఎద్దులతో పోరు వీరుని వేషము వేసికొన్న ఊరివాని కథ. స్పెయిను పర్యటనకు ముందు రచింపబడినది. 1958లో అమెరికా రికార్డు జాబితాలకు కరొసోనే స్వంత గళముతోనే ఎక్కినది. ఆండ్రూస్ సిస్టర్స్ దానిని ఇంగ్లీషున పాడిరి. ‘పిల్యాతె నా పస్తీల్యా’ ప్రేమ వేదనకు మందుల దుకాణమున నిద్రమాత్ర కోరువానిని గూర్చినది. ‘ఓ సర్రాచీనో’ ఉంగరాల జుట్టు సొగసుకానిది. మాటలు తేలిక, తాళము మాత్రము వదలనీయదు. ‘కారవాన్ పెత్రోల్’ (1958) వీనిలో మేటి. పెట్రోలు కొరకు దేశమంతయు కలలు గను రోజులవి. ఎన్రికో మత్తెయీ నాయకత్వమున ప్రభుత్వ చమురు సంస్థ ‘ఎని’ 1953లో ఏర్పడి పత్రికల నిండ వార్తగ నుండెను. అప్పుడు నేపుల్సువాడొకడు తలపాగ చుట్టి, ఒంటెనెక్కి, తన యూరిలోనే చమురు బావి త్రవ్వుటకు బయలుదేరును. ఒంటె నడకను అనుకరించు ఆ తూగులో ఎరిత్రియా నాటి జ్ఞాపకము కొంత కలదనుట ఊహయే యైనను అసంగతము కాదు. తోతో మొదలగు హాస్యనటుల చిత్రమొకదానిలో బృందము కనబడి పాడినది కూడ ఆ సంవత్సరమే.

తమ రచనలు గాక ఇతరుల పాటలను సయితము వీరు తమ మూసలో పోసి కొత్తవిగ చేసిరి. ‘లా పన్సే’, ‘పిక్కొలీస్సిమా సెరెనాతా’, దొమెనికో మొదూన్యో స్వరపరచిన అత్తగారి కాపలా పాట, అమెరికానుండి వచ్చిన ‘మంబో ఇతలియానో’ ఇందుకు తార్కాణములు. 1957లో క్యూబా నుండి ఆరంభించి అమెరికా ఖండముల పర్యటన సాగించి, న్యూయార్కు కార్నెగీ హాలులో కచేరీతో దానిని ముగించిరి. ఆ సభలో కూర్చున్నవారిలో అనేకులు నేపుల్సు రేవునుండి ఓడ యెక్కిన వలసవారి సంతతి; కన్నీటి పాట వారి సొత్తు. వారి యెదుట నవ్వు పాటతో గెలిచి వచ్చుట కరొసోనే జీవితమున ఉచ్చదశ.

అట్టి దశయందే 1959 సెప్టెంబరు 7న టెలివిజన్ కార్యక్రమ మధ్యమున ఆయన తాను రంగము నుండి విరమించుచున్నానని ప్రకటించెను. వయస్సు ముప్పదితొమ్మిది. దేశమునకు నమ్మశక్యము కాలేదు. ఎవరో బెదరించిరనియు, వ్యాధి సోకెననియు వదంతులు పుట్టినవి. వానికి ఆధారములు కనబడవు. తరుగు దశ వచ్చి జనులే పంపివేయుటకంటె శిఖరమున నుండగనే తానుగ దిగుట మేలని ఆయన చెప్పిన కారణమునే నమ్ముట యుక్తము. కాలపు గాలి ఎటు వీచుచున్నదో కనిపెట్టగల చెవి ఆయనది. 1958 సాన్ రేమోలో మొదూన్యో రెండు చేతులు చాచి పాడిన ‘నెల్ బ్లూ దిపింతో ది బ్లూ’ ఇటలీ పాట దిక్కును మార్చినది. వెనువెంటనే మీనా, అద్రియానో చెలెంతానో వంటి కొత్తతరము యువ గాయకులు కంఠశక్తిని రాక్ అండ్ రోల్ వేగమునకు కట్టి ముందుకు వచ్చిరి. కరొసోనే అమెరికా వేషమును వెక్కిరించిన మూడేండ్లకే దేశపు యువకులు ఆ వేషమును నిస్సంకోచముగ, నిజమైన వస్త్రముగ ధరించిరి. వెక్కిరింపునకు తావు పోయినది. ఈ సంగతి ఆయన స్పష్టముగ చూచెనో లేదో చెప్పజాలము గాని, ఆయన విరమణకు ఇంతకంటె చక్కని సమయము దొరకెడిది కాదు. నష్టపోయినవాడు నీసా, ఐనను ఆయన 1964లో జిల్యోలా చింక్వెత్తీకి విజయము తెచ్చిన ‘నోన్ ఓ లెతా’ పాట కూర్పులో పాలుపంచుకొని తన శక్తి తరుగలేదని నిరూపించెను.

విరమించిన పిమ్మట కరొసోనే చిత్రలేఖనమును శ్రద్ధతో అభ్యసించి, పియానోను తన యింటి సంతోషమునకు నిలుపుకొనెను. ఈ దశను గూర్చి వ్రాయుటకు అంతగ లేదు. 1975 ఆగస్టు 9న, తీరప్రాంతమైన వెర్సీలియాలో సెర్జో బెర్నర్దీని నడపుచుండిన బుస్సొలాదొమాని వేదికపై, టెలివిజన్ ప్రసారముతో ఆయన పునఃప్రవేశము జరిగినది. అప్పటికి పాత పాటలు యువతరమునకు కొత్త పాటలైనవి. యుద్ధకాలపు ‘తమ్ముర్రియాతా నేరా’ను, ఇ. ఎ. మారియో స్వరపరచినదానిని, ఆయనయు పాడెను. యౌవనారంభపు కొలువునాటి యజమాని ఋణము ఆ విధముగ కొంత తీరినదనవచ్చును. 1989లో, తన అరువదితొమ్మిదవ యేట, సాన్ రేమో పోటీ వేదికపై తొలిసారిగ ‘నా కంజున్చెల్లా దోచె దోచె’ పాడెను. ఉత్సవము పుట్టిన 1951 నుండి అంతవరకు ఆయన అందు పోటీ చేయకుండుట విచిత్రము. 2000లో ‘ఉన్ అమెరికానో ఆ నాపొలి’ అను ఆత్మకథ వెలువడినది. 2001 మే 20న రోములో కాలధర్మము నొందెను. లయకు ఆధారస్తంభమైన జెజే ఆ తరువాత నాలుగేండ్లకు, 2005లో, గతించెను.

ఆయన పాటలలో ‘తు వువో ఫా లమెరికానో’ చరిత్ర ఇంకను ముగియలేదు. 1960లో క్లార్క్ గేబుల్‌తో నటించిన చిత్రమున సోఫియా లోరెన్ దీనిని పాడినది; 1999లో ‘ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ’ చిత్రమునందు యాబదుల నాటి ఇటలీ క్లబ్బు వాతావరణమును కల్పించుటకు దర్శకుడు ఆంథొని మింగెల్లా ఈ పాటనే ఉపయోగించెను. 2010లో ఆస్ట్రేలియా సంగీత నిర్మాతలు కరొసోనే రికార్డునుండియే ఒక తునకను కత్తిరించి, యంత్రలయ జోడించి ‘వి నో స్పీక్ అమెరికానో’ అని విడుదల చేయగా అది బ్రిటన్ మొదలగు దేశములలో ప్రథమ స్థానమున నిలిచినది. నాట్యశాలలలో ఎగిరినవారిలో ఎందరికి ఆ తునక వెనుక గల పియానో వాదకుని పేరు తెలియునో సందేహమే. అందు మిగిలినది లయ మాత్రము. అమ్మ చేతిసంచియు, వెన్నెలలో తెల్లబోయిన ప్రియురాలును మాయమైరి. దీనిని అపచారమని కొందరనిరి గాని, పరుల పాటలను ముక్కలు చేసి మరల అతికించుటనే వృత్తిగ చేసికొన్నవానికి ఈ గతి పట్టుట అన్యాయమనుటకు నాకు నోరు రాదు. 2021లో ఇటలీ ప్రభుత్వ టెలివిజన్ ‘కరొసెల్లో కరొసోనే’ పేరిట ఆయన జీవితమును చిత్రముగ తీసి ప్రసారము చేసినది.

కొత్తగా ఆయనను వినదలచిన తెలుగు పాఠకుడు 2010 నాటి నాట్యగీతముతో గాని, సినిమా పాటతో గాని కాక, యాబదులనాటి పాథే రికార్డులలోని ‘మరుత్సెల్లా’తో మొదలిడి, అటుపిమ్మట ‘కారవాన్ పెత్రోల్’ను, చివరకు ‘తు వువో ఫా లమెరికానో’ను వినుట మేలు. మాండలికపు మాటలు తెలియకున్నను భయము లేదు, మస్సావా శ్రోతలకును తెలియలేదు. మాటలను ప్రక్కనుంచి పియానోలోని ఎడమచేతిని అనుసరించినచో చాలును.